ఓపెన్‌సీవీ: నిలువు ఫొటోల మీద మాత్రమే దీర్ఘచతురస్రాలు తప్పు చోట పడుతున్నాయి

ఉండి_చెరువు
పశ్చిమ గోదావరి జిల్లాలో మాకు రెండు వనామీ రొయ్యల చెరువులు ఉన్నాయి. మేత వేసిన కొంతసేపటికి చెక్ ట్రేని పైకి తీసి, అందులోకి ఎన్ని రొయ్యలు ఎక్కాయో, మేత ఎంత మిగిలిందో చూసి తరువాతి పూట మేతను నిర్ణయించడం మా నాన్నగారి పద్ధతి. ఆయన కంటి అంచనాను లెక్కల్లో పెట్టాలన్న కోరికతో, ట్రేలను ఫోన్‌తో ఫొటో తీసి ఒక్కొక్క రొయ్య చుట్టూ దీర్ఘచతురస్రం గీసే చిన్న ప్రోగ్రామును పైథాన్‌లో, చిత్రాలతో పనిచేసే ఓపెన్‌సీవీ లైబ్రరీతో రాస్తున్నాను. రొయ్యను గుర్తుపట్టే పనిని ఇంకా యంత్రానికి అప్పగించలేదు. మా చెల్లెలు తన ల్యాప్‌టాప్‌లో ఫొటో తెరిచి మౌస్‌తో గుర్తులు పెడుతుంది, వాటి నిరూపకాలు ఒక ఫైల్‌లో చేరతాయి, నా ప్రోగ్రాము ఆ ఫైల్‌ను చదివి రెక్టాంగిల్ ఫంక్షన్‌తో గీస్తుంది.

ఫోన్‌ను అడ్డంగా పట్టుకుని తీసిన ఫొటోల మీద పెట్టెలు సరిగ్గా రొయ్యల మీదే పడుతున్నాయి. నిలువుగా పట్టుకుని తీసిన వాటి మీద మాత్రం ఎక్కడెక్కడో పడుతున్నాయి. ఒక నిలువు ఫొటోలో 14 గుర్తులు ఉండగా తెర మీద 9 పెట్టెలే కనిపించాయి, ఆ 9 కూడా ఖాళీ వల మీద పడ్డాయి. దోష సందేశం ఒక్కటి కూడా రాలేదు.

ఇవి కాక మరో రెండు చిన్న సమస్యలు ఉన్నాయి. ఎరుపు కోసం (255, 0, 0) ఇస్తే నీలం గీత వస్తోంది. పెట్టె పైన "రొయ్య" అని రాయిస్తే ప్రశ్నార్థకాలు వస్తున్నాయి. మొదటి సమస్య వల్ల వారం రోజులుగా పని ఆగిపోయింది కనుక ముందుగా దానికి దారి చూపమని కోరుతున్నాను.

వరంగల్_వీధి
రంగు సంగతి తేలిక. ఓపెన్‌సీవీ రంగులను నీలం, ఆకుపచ్చ, ఎరుపు వరుసలో ఉంచుతుంది కనుక ఎరుపు కావాలంటే (0, 0, 255) ఇవ్వాలి.

మొదటి సమస్య మీరు ఎక్స్, వై నిరూపకాలను తారుమారు చేయడం వల్ల వచ్చిందని నా అభిప్రాయం. షేప్, అంటే చిత్రం కొలతలు, అడిగితే ముందు ఎత్తు, తరువాత వెడల్పు వస్తాయి. రెక్టాంగిల్‌కు ఇచ్చే బిందువులో మాత్రం ముందు ఎక్స్, అంటే ఎడమ నుంచి దూరం, తరువాత వై, అంటే పై నుంచి దూరం ఉండాలి. ఈ రెండు పద్ధతుల మధ్య తడబడని వారు అరుదు. ఒకసారి రెండింటినీ మార్చి చూడండి.

సున్నా_నుంచి
నేను ఈ నెలలోనే నేర్చుకోవడం మొదలుపెట్టాను. బడిలో గ్రాఫ్ కాగితం మీద వై పైకి పెరిగేది కదా, ఇక్కడ కిందికి ఎందుకు పెరుగుతుంది?

పిక్సెల్_పంతులు
సున్నా_నుంచి గారూ, చిత్రం అంటే వరుసల పట్టిక. పట్టికను మనం పై వరుస నుంచి చదువుతాం కనుక పై ఎడమ మూల (0, 0) అవుతుంది, వరుస సంఖ్య కిందికి పెరుగుతుంది. ఎలిప్స్ ఫంక్షన్‌లో కోణం పెంచితే దీర్ఘవృత్తం గడియారం ముల్లు దిశలో తిరగడానికి కూడా ఇదే కారణం.

ఉండి_చెరువు గారి విషయంలో నిరూపకాలు తారుమారు అయ్యాయన్న మాటను నేను అంత త్వరగా ఒప్పుకోను. అదే నిజమైతే అడ్డం ఫొటోలు కూడా చెడిపోవాలి. ఒకే కోడ్ ఒక రకం ఫొటోల మీద సరిగ్గా పనిచేసి రెండో రకం మీద పనిచేయడం లేదంటే, తేడా ఫొటోలోనే ఉంది.

ఫ్రిస్కో_తెలుగు
పెట్టెలు కనిపించకపోవడానికి మరో కారణం కూడా ఉండవచ్చు. 4000 పిక్సెళ్ల ఫొటో మీద ఒక్క పిక్సెల్ మందంతో గీసి, దాన్ని 800 పిక్సెళ్లకు కుదించి చూస్తే గీతలు అక్కడక్కడా మాయమవుతాయి. నేను గిడ్డంగి కెమెరా చిత్రాలతో పనిచేసేటప్పుడు ఈ కారణంగా రెండు రోజులు లేని తప్పు కోసం వెతికాను. అప్పటి నుంచి మందాన్ని స్థిరంగా ఉంచకుండా, చిత్రం పొడవాటి భుజాన్ని 500తో భాగించి, వచ్చిన దాన్ని పూర్ణసంఖ్య చేసి, అది 1 కన్నా తగ్గకుండా చూసుకుంటున్నాను. కుదించిన తరువాత గీయడం ఇంకా మంచిది, కానీ అప్పుడు నిరూపకాలను కూడా అదే నిష్పత్తిలో తగ్గించాలి.

ఉండి_చెరువు
ఫ్రిస్కో_తెలుగు గారూ, మందం 8 ఇచ్చాను, కనిపించే తొమ్మిదీ స్పష్టంగానే కనిపిస్తున్నాయి. చెల్లెలి విండోలో ఫొటో 800 × 600 కు తగ్గి కనిపిస్తుంది, ఫైల్‌లో రాసేటప్పుడు నిరూపకాలను 5తో గుణిస్తున్నాను. అడ్డం ఫొటోల్లో అది సరిపోతోంది కనుక గుణకారంలో పొరపాటు లేదనుకుంటున్నాను.

వరంగల్_వీధి గారు చెప్పినట్టు ఎక్స్, వైలను మార్చి చూశాను. ఫలితం నన్ను ఇంకా ఆశ్చర్యపరిచింది. 14 పెట్టెలూ తెర మీదికి వచ్చాయి, కానీ అద్దంలో చూసినట్టు కుడివైపు రొయ్యకు రావలసిన పెట్టె ఎడమవైపు పడుతోంది. ఎత్తు మాత్రం సరిగ్గా కుదురుతోంది. దగ్గరికి వచ్చి ఆగిపోయినట్టుంది.

పిక్సెల్_పంతులు
ఇది చాలా విలువైన ఆధారం, దాన్ని వదలకండి. ఓపెన్‌సీవీ గీసే ఫంక్షన్లకు చిత్రం అంచుల బయటి బిందువులు ఇచ్చినా అవి అభ్యంతరం చెప్పవు. అంచు లోపల పడిన భాగాన్ని గీసి మిగిలినదాన్ని కత్తిరిస్తాయి. అందుకే మీకు దోష సందేశం రాలేదు. నిరూపకాలు మార్చక ముందు మాయమైన ఐదు పెట్టెల ఎక్స్ విలువలను ముద్రించి ఇక్కడ పెట్టండి. చెల్లెలు వాడే ప్రోగ్రాములో, మీ ప్రోగ్రాములో చిత్రం కొలతలు ఎంతెంత వస్తున్నాయో కూడా చెప్పండి.

తాళపత్రం
చెల్లెలి విండో దేనితో తయారు చేశారు? టీకే‌ఇంటర్‌తోనా? ఫొటోను పిల్లో అనే చిత్రాల లైబ్రరీతో తెరుస్తున్నారా?

ఉండి_చెరువు
అవును, టీకే‌ఇంటర్ విండో, ఫొటోను పిల్లో తెరుస్తుంది.

మాయమైన ఐదింటి ఎక్స్ విలువలు 3120, 3310, 3340, 3575, 3802. కొలతలు కూడా ముద్రించాను. నిలువు ఫొటోకు పిల్లో సైజ్ (4000, 3000) అని, ఓపెన్‌సీవీ షేప్ (4000, 3000, 3) అని వచ్చాయి. రెండూ సమానంగానే ఉన్నాయి. అడ్డం ఫొటోకు పిల్లో (4000, 3000) అంటే ఓపెన్‌సీవీ (3000, 4000, 3) అంటోంది. కొలతల్లో తేడా ఉన్న చోట పెట్టెలు సరిగ్గా పడి, కొలతలు సమానంగా ఉన్న చోట చెడిపోవడం నాకు ఏమాత్రం అర్థం కావడం లేదు.

తాళపత్రం
సమాధానం మీరు రాసిన ఆ రెండు వాక్యాల్లోనే ఉంది. పిల్లో సైజ్‌లో ముందు వెడల్పు, తరువాత ఎత్తు వస్తాయి. ఓపెన్‌సీవీ షేప్‌లో ముందు ఎత్తు, తరువాత వెడల్పు. కాబట్టి ఒకే చిత్రాన్ని రెండూ ఒకే విధంగా తెరిచినప్పుడు ఆ అంకెలు తారుమారుగా కనిపించాలి. మీ అడ్డం ఫొటోల్లో అలాగే కనిపిస్తున్నాయి, అందుకే అవి బాగున్నాయి. నిలువు ఫొటోను పిల్లో 4000 వెడల్పు, 3000 ఎత్తుగా తెరిచింది, ఓపెన్‌సీవీ 3000 వెడల్పు, 4000 ఎత్తుగా తెరిచింది. అంకెలు సమానంగా ఉండడమే ఇక్కడ అసమానతకు గుర్తు. ఓపెన్‌సీవీ చిత్రం వెడల్పు 3000 కనుక 3120, 3310 వంటి ఎక్స్ విలువలున్న పెట్టెలు అంచు బయట పడి మాయమయ్యాయి.

కారణం ఇది. ఫోన్ కెమెరా సెన్సర్ ఎప్పుడూ అడ్డంగానే ఉంటుంది. మీరు ఫోన్‌ను నిలువుగా పట్టుకున్నా పిక్సెళ్లను చాలా ఫోన్లు అడ్డంగానే భద్రపరిచి, "చూపించేటప్పుడు తిప్పి చూపించు" అని ఫొటో ఫైల్‌తో పాటే ఉండే ఎగ్జిఫ్ సమాచారంలో ఓరియంటేషన్ అనే అంకె రాసి ఊరుకుంటాయి. ఓపెన్‌సీవీలో ఫొటోను చదివే ఇమ్‌రీడ్ ఫంక్షన్ ఆ అంకెను గౌరవించి తానే తిప్పేస్తుంది. పిల్లోలో ఇమేజ్.ఓపెన్ తిప్పదు, తిప్పమని మనం ఎగ్జిఫ్ ట్రాన్స్‌పోజ్ ఫంక్షన్‌తో విడిగా చెప్పాలి. తాళపత్ర గ్రంథాల ఫొటోల మీద పంక్తులకు పెట్టెలు గీసే పనిలో నేను కూడా ఇక్కడే పడ్డాను. అయితే తాళపత్రం పక్కకు తిరిగితే అక్షరాలు పక్కకు తిరుగుతాయి కనుక మాకు అరగంటలో తెలిసిపోయింది.

ఉండి_చెరువు
చెల్లెల్ని ఇప్పుడే అడిగాను. గుర్తులు పెట్టేటప్పుడు కొన్ని ట్రేలు పక్కకు తిరిగి కనిపించిన మాట నిజమేనని, అయితే గుండ్రటి ట్రేకి తల ఏదో కాళ్లు ఏవో తెలియవు కనుక పట్టించుకోలేదని చెప్పింది. ట్రే ఎటు తిప్పినా ట్రేలాగే ఉంటుంది, రొయ్యలు ఎటు తిరిగినా రొయ్యల్లాగే ఉంటాయి. ఇన్నాళ్లూ మా ఇద్దరికీ ఇది అందకపోవడానికి కారణం ఇప్పుడు తెలిసింది.

ఒక సందేహం మిగిలింది. చిత్రం తిరిగి ఉన్నదే నిజమైతే ఎక్స్, వైలు మార్చినప్పుడు ఎందుకు సరిపోలేదు?

పిక్సెల్_పంతులు
ఎక్స్, వైలను మార్చడం చిత్రాన్ని తిప్పడం కాదు, మూల నుంచి మూలకు గీసిన కర్ణం మీదుగా మడవడం. మడతలో ఎడమ కుడులు అద్దంలోలా మారిపోతాయి. తిప్పడంలో అలా జరగదు. మీ ఫొటోలో ఓరియంటేషన్ అంకె 6 అయి ఉంటుంది, అంటే గడియారం దిశలో 90 డిగ్రీలు తిప్పమని అర్థం. భద్రపరిచిన చిత్రం ఎత్తు 3000, వరుసలు 0 నుంచి 2999 వరకు ఉంటాయి కనుక, కొత్త ఎక్స్ కావాలంటే 2999 నుంచి పాత వైని తీసివేయాలి. కొత్త వై అంటే పాత ఎక్స్. మీరు రెండో సగం చేశారు, అందుకే ఎత్తు కుదిరింది. మొదటి సగంలో తీసివేత చేయలేదు, అందుకే ఎడమ కుడులు కుదరలేదు.

లెక్కతో చూద్దాం. చెల్లెలు గుర్తు పెట్టిన పెట్టె (2600, 400) నుంచి (2900, 620) వరకు ఉందనుకోండి. ఊరికే మారిస్తే (400, 2600) నుంచి (620, 2900) వస్తుంది. సరిగ్గా తిప్పితే ఎక్స్ 2999 − 620 = 2379 నుంచి 2999 − 400 = 2599 వరకు, వై 2600 నుంచి 2900 వరకు వస్తుంది. కాగితం మీద ఒక పెట్టె గీసి, కాగితాన్ని చేత్తో తిప్పి చూడండి. సూత్రాన్ని గుర్తుపెట్టుకోవలసిన అవసరమే ఉండదు.

వరంగల్_వీధి
నా మొదటి ఊహ తప్పని ఒప్పుకుంటున్నాను, పంతులు గారి వివరణ నాకు కూడా ఉపయోగపడింది. అయితే పరిష్కారానికి ఇంత లెక్క అవసరం లేదు. ఇమ్‌రీడ్‌కు ఇగ్నోర్ ఓరియంటేషన్ అనే ఫ్లాగ్‌ను కలర్ ఫ్లాగ్‌తో కలిపి ఇస్తే ఓపెన్‌సీవీ కూడా తిప్పకుండా చదువుతుంది. చెల్లెలు పెట్టిన గుర్తులు ఉన్నవి ఉన్నట్టే సరిపోతాయి. ఒక్క పదం మారిస్తే పని అయిపోతుంది.

తాళపత్రం
వరంగల్_వీధి గారితో నేను ఏకీభవించలేను. ఈ రోజుకు పని జరుగుతుంది, కానీ తిరగని చిత్రానికి చెందిన నిరూపకాలు ఫైల్‌లో శాశ్వతంగా ఉండిపోతాయి. రేపు అదే ఫైల్‌ను మరొకరు ఇంకో పరికరంలో తెరిస్తే, ఆ పరికరం ఫొటోను తిప్పి చూపిస్తే, ఇదే వారం రోజుల కష్టం వారికి వస్తుంది. గుర్తులు పెట్టే విండోలోనే ఎగ్జిఫ్ ట్రాన్స్‌పోజ్ చేర్చి, పాత గుర్తులను ఒక్కసారి లెక్కగట్టి మార్చుకోవడం మేలు.

ఎక్స్‌రే_గది
తాళపత్రం గారి మాటకే నా ఓటు. మా విభాగంలో చిత్రాన్ని తెరిచిన వెంటనే నిటారుగా చేసి, ఎగ్జిఫ్ లేని పీఎన్‌జీగా భద్రపరిచి, ఆ తరువాతే ఎవరైనా గుర్తులు పెట్టాలన్న నియమం పెట్టుకున్నాం.

ఇదే సందర్భంలో గీతల గురించి మరొకటి చెప్పాలి. నలుపు తెలుపు చిత్రం మీద (0, 255, 0) అని ఆకుపచ్చ ఇస్తే ఆకుపచ్చ గీత రాదు. ఒకే పొర ఉన్న చిత్రంలో రంగులోని మొదటి అంకె మాత్రమే లెక్కలోకి వస్తుంది, అది ఇక్కడ సున్నా, కనుక నల్లని నేపథ్యం మీద నల్లని గీత పడుతుంది. గీత గీయలేదని మా కొత్త సహోద్యోగి చాలాసేపు కోడ్ మార్చుతూ కూర్చున్నారు. సీవీటీకలర్‌తో ముందుగా మూడు పొరల చిత్రంగా మార్చి, తరువాత రంగు గీత గీయాలి.

మగ్గం_మనవడు
రంగుల వరుస గురించి ఒక హెచ్చరిక. నీలం, ఎరుపు పొరలను తారుమారు చేయడానికి చాలామంది అర్రే, అంటే పిక్సెళ్ల పట్టిక, చివర మైనస్ ఒకటి పెట్టి స్లైస్ చేస్తారు. అలా చేసిన అర్రే మీద వెంటనే గీత గీయబోతే, అర్రే అమరిక తనకు సరిపోదని ఓపెన్‌సీవీ దోష సందేశం ఇస్తుంది. స్లైస్ చేసినప్పుడు అర్రేలను నడిపే నంపై లైబ్రరీ కొత్త అర్రే తయారు చేయదు, పాత మెమరీనే వెనక నుంచి చదువుతుంది. సీవీటీకలర్ వాడినా, యాజ్ కంటిగ్యుయస్ అర్రే అనే ఫంక్షన్‌తో నకలు తీసినా సమస్య తీరుతుంది.

మా తాతగారు పోచంపల్లి ఇక్కత్ నేసేవారు. నమూనాను గ్రాఫ్ కాగితం మీద గడులు గడులుగా వేసుకుని, ఆ గడుల ప్రకారమే నూలుకు కట్లు కట్టి రంగు అద్దేవారు. ఆయన పాత చీరల ఫొటోల మీద అదే గడుల వలను లైన్ ఫంక్షన్‌తో గీసి, నమూనాలను తిరిగి కాగితం మీదికి తెస్తున్నాను. మొదట్లో గడి వెడల్పును దశాంశాల్లో లెక్కగట్టి నేరుగా ఇస్తే, బిందువులో అంకె రకం తప్పని ప్రోగ్రాము ఆగిపోయేది. పూర్ణసంఖ్యలుగా మార్చిన తరువాత ఆగలేదు, కానీ ప్రతి గడిని ముందు గడి నుంచి లెక్కగట్టడం వల్ల చీర చివరికి వచ్చేసరికి వల నమూనా నుంచి పక్కకు జరిగిపోయింది. ప్రతి గీత స్థానాన్నీ మొదటి అంచు నుంచే దశాంశాల్లో లెక్కగట్టి, గీసే క్షణంలో మాత్రమే సమీప పూర్ణసంఖ్యకు సవరించాలని అప్పుడు తెలిసింది.

పిక్సెల్_పంతులు
మగ్గం_మనవడు గారి పని వింటే సంతోషంగా ఉంది. పిక్సెల్ కన్నా సూక్ష్మంగా గీయాలంటే షిఫ్ట్ అనే ఐచ్ఛికం ఉంది. షిఫ్ట్ 4 ఇచ్చి నిరూపకాలను 16తో గుణించి పూర్ణసంఖ్యలుగా ఇస్తే, పిక్సెల్‌లో పదహారో వంతు వరకు స్థానం లెక్కలోకి వస్తుంది. లైన్ ఏఏ రకంతో కలిపి వాడితేనే ఆ తేడా కంటికి కనిపిస్తుంది.

సున్నా_నుంచి
లైన్ ఏఏ అంటే గీత నునుపుగా వస్తుంది కదా, మరి ఎప్పుడూ అదే వాడితే సరిపోదా?

పిక్సెల్_పంతులు
కంటికి చూపించే చిత్రానికి వాడండి, కొలతకు వాడే చిత్రానికి వద్దు. మామూలు గీతలో ప్రతి పిక్సెల్ గీతలో ఉంటుంది లేదా ఉండదు, అందుకే ఏటవాలు గీత మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. పూర్ణసంఖ్యల కూడికలతోనే అలాంటి గీతకు పిక్సెళ్లను ఎంచుకునే ప్రసిద్ధ పద్ధతిని జాక్ బ్రెసెన్‌హామ్ 1962లో ఐబీఎంలో రూపొందించారు. నునుపు గీతలో అంచు పిక్సెళ్లకు నేపథ్యంతో కలిసిన మధ్యస్థపు రంగు వస్తుంది. 0, 255 తప్ప మరో విలువ ఉండకూడని మాస్క్, అంటే ఏ భాగం లెక్కలోకి వస్తుందో చూపే చిత్రం, మీద ఫిల్‌పాలీతో బహుభుజి నింపేటప్పుడు ఈ మధ్య విలువలు చేరితే తరువాతి లెక్క చెడిపోతుంది. మాస్క్‌ను జేపెగ్‌గా భద్రపరిస్తే కూడా ఇదే నష్టం జరుగుతుంది.

కూడలి_లెక్క
పాలీలైన్స్ గురించి కూడా చెప్పండి. కూడలి వీడియోలో వాహనాలు లెక్కపెట్టడానికి నాలుగు మూలల బహుభుజి గీయబోతే నాకు నాలుగు చుక్కలు మాత్రమే వచ్చాయి.

మగ్గం_మనవడు
బిందువుల అర్రేని మరో జాబితాలో పెట్టి ఇవ్వాలి. పాలీలైన్స్ అనేక బహుభుజులను ఒకేసారి తీసుకుంటుంది కనుక, మీరు జాబితాలో పెట్టకుండా ఇస్తే ప్రతి బిందువునూ ఒక్కొక్క బహుభుజి అనుకుని ఒక్కొక్క చుక్క పెడుతుంది. డ్రా కాంటూర్స్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. అర్రే రకం 32 బిట్ల పూర్ణసంఖ్య అయి ఉండాలన్న సంగతి కూడా మరువకండి.

ఉండి_చెరువు
ఓరియంటేషన్ అంకెలను మొత్తం 212 ఫొటోలకూ ముద్రించి చూశాను. 1 ఉన్నవి 109, 6 ఉన్నవి 88, 8 ఉన్నవి 4, 3 ఉన్నవి 11. 6 ఉన్నవాటికి పంతులు గారి లెక్క వేస్తే 14కు 14 పెట్టెలూ రొయ్యల మీద కూర్చున్నాయి. ఆ క్షణంలో కలిగిన ఆనందాన్ని మాటల్లో చెప్పలేను. కానీ నేను నిలువుగా తీసినవి, అడ్డంగా తీసినవి రెండు రకాలే. నాలుగు రకాల అంకెలు ఎందుకు వచ్చాయి? మరి 3 అంటే ఏమిటి?

తాళపత్రం
3 అంటే తలకిందులు, 180 డిగ్రీలు. మీరు ట్రేని పైనుంచి కిందికి చూస్తూ ఫొటో తీస్తారు కదా. ఫోన్ నేలకు సమాంతరంగా ఉన్నప్పుడు ఏ అంచు పైనో దాని వంపు సెన్సర్‌కు సరిగ్గా తెలియదు, కొద్దిగా ఏ వైపు వంగితే ఆ అంకె రాస్తుంది, లేదా అంతకు ముందు తెలిసినదే కొనసాగిస్తుంది. అందుకే మీరు ఎలా పట్టుకున్నారన్న జ్ఞాపకం మీద ఆధారపడకండి, ప్రతి ఫైల్‌లోని అంకెనే చదవండి.

ఆ 11 ఫొటోలను ఈ రోజే తెరిచి చూడండి. 180 డిగ్రీలు తిరిగినా వెడల్పు, ఎత్తు మారవు. కొలతల పోలికతో అవి దొరకవు, పెట్టెలు కూడా అంచు బయటికి పోవు. అడ్డం ఫొటోలన్నీ సరిగ్గా ఉన్నాయని మీరు మొదట రాసిన మాట ఈ 11 విషయంలో నిజం కాకపోవచ్చు.

ఉండి_చెరువు
మీరు చెప్పింది అక్షరాలా నిజం. 11కి 11 తప్పుగా ఉన్నాయి. అడ్డం ఫొటోల్లో మొదటి పది పన్నెండు మాత్రమే తెరిచి చూసి అన్నీ బాగున్నాయని నమ్మాను. కొన్ని పెట్టెలు యాదృచ్ఛికంగా వేరే రొయ్యల మీద పడ్డాయి కూడా, అందుకే పైపైన చూస్తే తెలియలేదు.

3 ఉన్నవాటికి ఎక్స్‌ను 3999 నుంచి, వైని 2999 నుంచి తీసివేశాను. 8 ఉన్నవాటికి కొత్త ఎక్స్‌గా పాత వైని, కొత్త వైగా 3999 నుంచి పాత ఎక్స్ తీసివేయగా వచ్చినదాన్ని పెట్టాను. అన్నీ కుదిరాయి. తాళపత్రం గారు చెప్పినట్టు ఈ సవరణను ఒక్కసారే చేసి కొత్త ఫైల్‌లో రాశాను, పాత ఫైల్‌ను విడిగా దాచాను, చెల్లెలి విండోలో ఎగ్జిఫ్ ట్రాన్స్‌పోజ్ చేర్చాను.

పిక్సెల్_పంతులు
ఒక్క జాగ్రత్త. తిప్పిన తరువాత పెట్టె మొదటి మూల ఇక పై ఎడమ మూల కాదు. రెక్టాంగిల్ ఫంక్షన్‌కు ఎదురెదురుగా ఉన్న ఏ రెండు మూలలు ఇచ్చినా గీస్తుంది కనుక తెర మీద తేడా తెలియదు. కానీ అదే పెట్టెతో రొయ్య బొమ్మను స్లైస్ చేసి కత్తిరించబోతే ఖాళీ అర్రే వస్తుంది. ఫైల్‌లో రాసే ముందు చిన్న ఎక్స్, చిన్న వైలను ముందు పెట్టండి.

ఇంకొకటి కూడా గమనించండి. గీసే ఫంక్షన్లన్నీ ఇచ్చిన చిత్రాన్నే మార్చేస్తాయి. రొయ్యల రంగునో పొడవునో తరువాత కొలవాలంటే అసలు చిత్రానికి కాపీ తీసి, ఆ నకలు మీదే గీయండి.

తాళపత్రం
పంతులు గారి మాటకు చిన్న అనుబంధం. మందం పెంచితే గీత పెట్టె లోపలికి, బయటికి రెండు వైపులా విస్తరిస్తుంది. మందమైన పెట్టె గీసి మేము ఒక పంక్తిలోని వత్తులన్నీ కప్పేశాం. చిన్న రొయ్యలైతే మీసాలు, తోక ఈ గీత కిందే పోతాయి. గీత మందంలో సగానికి పైగా పెట్టెను బయటికి జరిపి గీస్తే బాగుంటుంది.

ఫ్రిస్కో_తెలుగు
రొయ్య వంగి ఉంటుంది కనుక దీర్ఘచతురస్రంలో సగం ఖాళీయే ఉంటుంది. రూపురేఖ దొరికిన రోజున ఫిట్‌ఎలిప్స్‌తో ఏటవాలు దీర్ఘవృత్తం అమర్చి చూడండి. ఫిట్‌ఎలిప్స్ పూర్తి అక్షాలను ఇస్తుంది, ఎలిప్స్ ఫంక్షన్ సగం అక్షాలను అడుగుతుంది. విడివిడిగా ఇస్తే సగం చేయాలి, లేకపోతే రెండింతల దీర్ఘవృత్తం వస్తుంది. ఫిట్‌ఎలిప్స్ ఇచ్చినదాన్ని మొత్తంగా అలాగే అందిస్తే ఈ బాధ ఉండదు.

వరంగల్_వీధి
"రొయ్య" అన్న పదం మిగిలిపోయింది. పుట్‌టెక్స్ట్ వాడే హెర్షీ అక్షరాలు 1967లో అమెరికా నౌకాదళ ఆయుధ ప్రయోగశాలలో అలెన్ హెర్షీ గీతలతో రూపొందించినవి, వాటిలో తెలుగు లేదు. ఫొటోను పిల్లోకు మార్చి, నోటో శాన్స్ తెలుగు వంటి ఫాంట్‌తో రాయించి, తిరిగి ఓపెన్‌సీవీకి తెచ్చుకోండి. వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు రంగుల వరుస మార్చడం మరువకండి.

తాళపత్రం
ఫాంట్ ఒక్కటే చాలదు. పిల్లోలో రాక్మ్ అనే అమరిక యంత్రాంగం లేకపోతే వత్తుగా మారవలసిన రెండో య మామూలు యగానే పక్కన పడి, పొల్లు విడిగా కనిపిస్తుంది. ఫీచర్స్ మాడ్యూల్‌లో చెక్ ఫంక్షన్‌ను రాక్మ్ పేరుతో అడిగితే ఉన్నదీ లేనిదీ చెబుతుంది. మన పదం మన అక్షరాల్లో సరిగ్గా కనిపించే వరకు దీన్ని వదలవద్దని నా మనవి.

ఉండి_చెరువు
రాక్మ్ నా కంప్యూటర్‌లో ఉంది, "రొయ్య" య వత్తుతో సహా సరిగ్గా వచ్చింది. ఆ ఫొటోను నాన్నగారికి చూపించాను. ఆయన పెట్టెలను వేలితో లెక్కపెట్టి, వల అంచున ఉన్న రెండు రొయ్యలను చెల్లెలు వదిలేసిందని చెప్పారు. వెతికితే నిజంగానే ఉన్నాయి.

ఒక్క ప్రశ్న మిగిలింది. రెండో చెరువు దగ్గరి ట్రే ఫొటోలు అక్కడి కాపలాదారు సందేశాల యాప్‌లో పంపుతారు. వాటిలో ఓరియంటేషన్ అంకె అసలు లేదు, కొలతలు కూడా 1200 × 1600 ఉన్నాయి.

పిక్సెల్_పంతులు
యాప్ పంపేటప్పుడు పిక్సెళ్లను తిప్పేసి, కుదించి, ఎగ్జిఫ్ సమాచారాన్ని తొలగించి ఉంటుంది. వాటికి ఏ సవరణా చేయకండి, గుర్తులు పెట్టేది, గీసేది ఆ ఫైల్ మీదే అయితే రెండూ కుదురుతాయి. చెల్లెలి విండోలో 5తో గుణించడం మాత్రం ఆపండి, ప్రతి ఫొటోకూ అసలు వెడల్పును చూపిన వెడల్పుతో భాగించి గుణకాన్ని అప్పటికప్పుడు లెక్కగట్టండి. 1600 ఎత్తును 600కు తగ్గిస్తే గుణకం 5 కాదు.

ఉండి_చెరువు
గుణకాన్ని మార్చాను. ఇకపై ఫొటోలను డాక్యుమెంట్‌గా జోడించి పంపమని కాపలాదారుకు చెప్పాను. ఈ సాయంత్రం మేత తరువాత తీసే ట్రే ఫొటో అలాగే వస్తుంది, అంకె ఎంత వచ్చిందో చూసి రాస్తాను.